రెండు పొట్టల పడవ

మా స్తారా వాలా రేవులో పడవ కట్టుకునే చోటుకి కాగితాలుండవు. గట్టు రాళ్ళలో దిగేసిన ఇనప కడియాలుంటాయి, ఒక్కో కడియం ఒక్కో ఇంటిది. పునీత రోకో పండగనాడు పొద్దున పూజ అయ్యాక విగ్రహాన్ని మోసుకుంటూ ఊరంతా గట్టు మీదికొస్తుంది. ఫాదర్‌గారు ఒక్కో పడవ మీదా దీవెన నీళ్ళు చల్లుకుంటూ పోతారు. ఏ కడియానికి ఎవరి పడవ కట్టి ఉండగా ఆ నీళ్ళు పడతాయో, మళ్ళీ పండగ దాకా ఆ చోటు వాళ్ళది. పడవని ఆ ఇంటి రక్తమే చుక్కాని పట్టి తీసుకురావాలి. ఎవరి కడియమైనా ఖాళీగా ఉందా, ఇక అంతే, ఎవడు తాడేస్తే వాడిది. స్ప్లిట్ పట్నంలో హార్బర్ ఆఫీసని ఒకటుంది, దాని రూల్సు దానికున్నాయి. వాళ్ళు మా రేవు జోలికి రారు. వచ్చినా బార్బా జానె ముందు నోరెత్తలేరు. ఆయన మా రేవుకి పెద్ద. తొంభై దాటినా గట్టు మీద బల్ల వదలడు, చేతికర్ర వదలడు, ఎవరినీ వదలడు.

మా నాన్న షిమె చలికాలం చివర్లో పోయాడు. ఆయన చిన్న చెక్క పడవని నీళ్ళలోంచి తీయించి చూస్తే అడుగు దూలాన్ని పురుగు తినేసింది. వేలితో పొడిస్తే పొడి రాలుతోంది. పక్క ద్వీపంలో పడవలు బాగుచేసే మేస్త్రి దాన్ని అటు తట్టి ఇటు తట్టి, వచ్చే ఏడు పండక్కి రమ్మన్నాడు. ఈ ఏడు పండగ మాటేంటయ్యా అంటే భుజాలెగరేశాడు.

ఇక మా బార్తుల్ అన్నయ్య సంగతి. మా పెదనాన్న కొడుకు. మా తాతకి పక్కపక్కనే రెండు కడియాలుండేవి. గట్టు చివర, మెట్లని ఆనుకుని ఉన్నది పెద్దకొడుక్కిచ్చాడు, దాని పక్కది మా నాన్నకిచ్చాడు. పెదనాన్న పోయాక చివరిది బార్తుల్‌కి వచ్చింది. బార్తుల్‌కి టూరిస్టుల్ని తిప్పే పడవ ఒకటుంది. నిరుడు రెండోది కొన్నాడు. దాన్ని కట్టుకోడానికి చోటు లేక బయట లంగరేసి పెట్టి, గాలి వీచినప్పుడల్లా కిటికీలోంచి చూసుకుంటూ ప్రాణం ఉగ్గబట్టుకుంటాడు. మా నాన్న నెల పూజ అయ్యాక అందరం గట్టు మీద కాఫీ తాగుతుంటే నా భుజం మీద చెయ్యేశాడు. కడియం గురించి నువ్వేం బెంగ పెట్టుకోకమ్మా, నేను చూసుకుంటాలే అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. చూసుకోడానికి అదేమన్నా చంటిపిల్లా? నా కడియం నేనే చూసుకుంటానన్నాను. ఆ మాటకి అందరూ నవ్వారు. మా మేనత్త లూత్సె అందరికన్నా ముందు నవ్వింది.

“దేంతో చూసుకుంటావే? తాడూ బొంగరం లేనిదానివి. మొగుణ్ణి వదిలేశావు, స్ప్లిట్‌లో బస్సు తోలుకుంటున్నావు. ఆ బస్సు తెచ్చి కడతావా రేవులో?” అన్నాడు బార్తుల్.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకని ఊరికే అనలేదు. నాకు వాడి మాట కన్నా ఆ నవ్వులే గుచ్చుకున్నాయి. అవును, బస్సు తోలుతాను. స్ప్లిట్‌లో సిటీ బస్సు. వేసవిలో టూరిస్టులు దారికడ్డంగా నిలబడి ఫోటోలు తీసుకుంటుంటే, వాళ్ళ కాలి వేళ్ళు తొక్కకుండా, అద్దాలు గోడలకి గీసుకోకుండా అంత బండిని మలుపు తిప్పుతాను. ఆ నవ్వినవాళ్ళలో ఒక్కణ్ణి ఆ సీట్లో కూర్చోబెట్టండి చూద్దాం.

మా నాన్నకి నేనొక్కదాన్నే. చుక్కాని మొదటిసారి నా చేతికిచ్చినప్పుడు చేపల పెట్టె ఎక్కి నిలబడితే గానీ నాకు ముందు నీళ్ళు కనబడేవి కాదు. ఆయన ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ నేను వెళ్ళగానే అడిగే మొదటి మాట, కడియం తుప్పు గీకించావా అనే. నా ఆరోగ్యం అడిగేవాడు కాదు, తన ఆరోగ్యం అడగనిచ్చేవాడు కాదు. ఇల్లు ఆయన వైద్యానికే అమ్మేశాం. పడవ పురుగుల పాలైంది. ఆ ఊళ్ళో ఆయనదంటూ మిగిలింది ఆ ఇనప ముక్క ఒక్కటే. దాన్ని బార్తుల్‌కి వదిలేస్తే ఆయన్ని రెండోసారి పాతిపెట్టినట్టే. వదలనని ఆ కాఫీ కప్పు ముందే ఒట్టు పెట్టుకున్నాను.

పడవ కోసం తిరిగాను. ఊళ్ళో ఎవరూ ఇవ్వరు. ఇవ్వకూడదని కాదు, పండగనాడు ఎవరి పడవ వాళ్ళ కడియానికి ఉండాలి గదా. స్ప్లిట్‌లో అద్దె పడవల వాళ్ళ దగ్గరికెళితే, ఆగస్టులో వచ్చి పడవ అడుగుతున్నావా అని నన్ను ఎగాదిగా చూశారు. తెడ్డేసుకునే రబ్బరు తెప్ప కూడా ఖాళీ లేదు.

ఫానికి తెలిసింది. ఫాని మా డిపోలో డ్యూటీలు వేస్తుంది, నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. వాళ్ళక్క కూతురు నివెస్ పడవలు వారానికి అద్దెకిచ్చే కంపెనీలో పనిచేస్తోంది. జర్మనీ వాళ్ళెవరో ఆఖరి నిమిషంలో రామన్నారట, వాళ్ళు మాట్లాడుకున్న పవర్ కాటమరాన్ ఒకటి ఉత్తినే పడి ఉందట, ధర తగ్గించి ఇస్తారట.

“పవర్ కాటమరాన్ అంటే ఏంటో తెలుసా నీకు? రెండు పొట్టల పడవ. అందులో బతికేవాళ్ళు వేరే,” అన్నాను.

“బతకడానికి కాదు, కట్టడానికి గదా నీకు,” అంది ఫాని.

తగ్గించాక ఎంతయిందో అడక్కండి. చెప్తే మీరు కళ్ళు తిరిగి పడతారు. వంటగది బాగుచేయించుకుందామని దాచుకున్నదంతా ఒక్క సంతకంతో పోయింది. పాత పొయ్యి మీద వండుకుంటే చచ్చిపోను.

పడవ దగ్గరికెళ్ళి చూసి నేను నిజంగానే బెదిరాను. తెల్లగా, ఎత్తుగా, రెండంతస్తులు. కింద పడగ్గదులు, మధ్యలో మా ఇంటి కన్నా పెద్ద వంటగది, పైన ఇంకో చుక్కాని చక్రం, ఐసు చేసే మిషను. నివెస్ చక్కని పిల్ల, నన్ను పిన్నీ అని పిలుస్తుంది. గెస్టులు ఎంతమంది అని అడిగింది. మేమిద్దరమే అన్నాం. ఎక్కడెక్కడికి వెళదామనుకుంటున్నారంది. స్తారా వాలా అన్నాను. మ్యాపు చూసి, అక్కడ మా చార్టర్ పడవలు, అదే అద్దె పడవలు, ఆగవే పిన్నీ అంది. ఈ ఏడు ఆగుతుందిలే అన్నాను. ఆ పిల్ల ఫాని వైపు చూసింది. ఫాని ఐసు మిషను మూత తీసి చూస్తున్నట్టు నటించింది.

తాళాలిచ్చే ముందు, తిప్పి చూపించమన్నాడు వాళ్ళ మెకానిక్. లైసెన్సు ఉంటే చాలదట, చేతిలో పనితనం చూడాలట. మంచిదే, మేమూ డిపోలో అలాగే చేస్తాం. ఆ పడవకి ఇంజన్లు రెండు, ఒక్కో పొట్టలో ఒకటి, మధ్యన బోలెడంత ఎడం. ఒకదాన్ని ముందుకీ ఇంకోదాన్ని వెనక్కీ వేస్తే అది ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. నేను ఇన్నేళ్ళు బస్సు తోలి ఏ మలుపులోనూ చూడని సుఖం అది. ఇటు లాగాను, అటు లాగాను, రేవు మధ్యలో దాన్ని చక్రంలా తిప్పాను. వెడల్పు నా వెన్నులోకి ఎక్కేదాకా తిప్పుతూనే ఉన్నాను. మెకానిక్ ఇక చాలమ్మా, నాకు కళ్ళు తిరుగుతున్నాయన్నాడు.

పండగకి ముందున్న ఆ నాలుగు రోజులూ మేం మహారాణుల్లా తిరిగాం, దాచడమెందుకు. డబ్బు ఎలాగూ పోయింది, ఏడుస్తూ తిరగాలా? తీరం వెంబడి దీవి నుంచి దీవికి పోయాం, ఇసక కనబడ్డ చోటల్లా లంగరేశాం. ఫాని మొదటిరోజంతా వాంతులు చేసుకుని, రెండోరోజు నుంచి ముందు పరుపుల మీద పడుకుని, అంజూర పళ్ళు తింటూ తొక్కలు సముద్రంలోకి విసురుతూ, డిపోలో జ్వరమని సెలవు పెట్టాం గదా, ఇలాంటి జబ్బు ఏడాదికోసారి రావాలే అనేది. సార్డీన్ చేపలు కాల్చుకున్నాం, వేలెడు మందాన వెల్లుల్లి వేసుకుని తిన్నాం. నవ్వీ నవ్వీ నాకు గొంతు పోయింది.

ఒక సాయంత్రం మా పక్కన ఇంకో అద్దె పడవ వచ్చి కట్టుకుంది. తెల్ల బట్టలేసుకున్న ఒకాయన తాడు పట్టుకుని మా వైపు చూసి, మీ కెప్టెన్ ఎక్కడమ్మా, కాస్త పక్కకి జరపమనాలి అన్నాడు. నేను వంగి మా తాడు ఆయన చేతికిచ్చి, కెప్టెన్ నేనే, ఇది పట్టుకో, నేను జరిపేదాకా వదలకు అన్నాను. మర్నాడు పొద్దున మేం వెళ్ళేటప్పుడు ఆయన తనంతట తనే వచ్చి మా తాడు విప్పాడు.

రోజూ పొద్దున్నే మాత్రం నా పని నాకుండేది. చార్టర్ పడవలన్నీ వెనక భాగం గట్టుకి పెట్టి కట్టుకుంటాయి, దిగడానికి వీలని. నేను ముక్కు గట్టుకి పెట్టడం సాధన చేశాను. మా రేవులో మెట్ల దగ్గర లోతు తక్కువ, వెనకనున్న ఇంజను రెక్కలు రాళ్ళకి తగిలితే పడవా పోతుంది, నివెస్ ఉద్యోగమూ పోతుంది. ముక్కు పెడితే పొట్టల ముందు భాగానికి నడుం లోతు నీళ్ళు చాలు. ఎవరూ లేని గట్టు చూసుకుని మళ్ళీ మళ్ళీ పెట్టాను, తీశాను. ఫాని గట్టు మీద నిలబడి, ఇంకా రావచ్చు, ఇంకా రావచ్చు, చాలు అని డిపోలో అరిచినట్టే అరిచేది.

పండగనాడు తెల్లవారాక దక్షిణపు గాలి మొదలైంది. పెద్దదేం కాదు, కానీ ఆ పడవ ఎత్తుకి చిన్న గాలి కూడా చాలు, పక్కకి తోసేస్తుంది. ఊళ్ళో పూజ మొదలయ్యే వేళకి మేం రేవు మూతిలో ఉన్నాం. మగాళ్ళు చాలామంది గట్టు మీదే ఉన్నారు, మా దగ్గర మగాళ్ళు పూజ బయటినుంచే వింటారు. నేను పై అంతస్తులో చక్రం దగ్గర నిలబడి మా కడియం వైపు చూశాను.

బార్తుల్ తన పాత పడవని మా నాన్న కడియానికి కట్టేసి, ఇస్త్రీ చొక్కా, నల్ల బూట్లు వేసుకుని దాని ముక్కు మీద కూర్చుని ఉన్నాడు.

వాడి లెక్క నాకు వెంటనే అర్థమైంది. మనిషికి ఒక్క చుక్కానే, ఒక్కడు రెండు పడవలు తెచ్చి కట్టడానికి లేదు. పాత పడవతో వాడు మా కడియం పట్టుకుంటాడు, కొత్త పడవని కొడుకు దూయె తెచ్చి వాళ్ళ సొంత కడియానికి కడతాడు. కానీ దూయె ఇంకా రాలేదు. పండగ పొద్దున కూడా టూరిస్టుల్ని సూర్యోదయం చూపించడానికి తీసుకెళ్ళాడని తర్వాత తెలిసింది. వాడి టికెట్టు పిచ్చికి పునీత రోకో కూడా అడ్డు రాడు. దాంతో గట్టు చివర, మెట్ల పక్కన, పెదనాన్న కడియం ఉత్తగా వేలాడుతోంది.

ఇలా వదిలేసి కూర్చునే తెలివితక్కువ పని మా ఊరివాడు తప్ప ఇంకెవడూ చెయ్యడు. బతికున్న ఇంటి కడియానికి ఇంకొకడు తాడేయడం మా రేవులో ఎన్నడూ లేదు. ఒకడి మంచం మీద ఇంకొకడు పడుకున్నట్టు ఉంటుంది మాకు. అందుకే బార్తుల్‌కి భయమే లేదు. ఆ కట్టుబాటుని ఆ పొద్దున ముందుగా తెంచింది తనేనని మాత్రం వాడికి తోచలేదు.

“ఇప్పుడేం చేస్తావే? వెనక్కి పోదామా?” అంది ఫాని.

“తాడు పట్టుకుని ముందుకి పో,” అన్నాను.

వాడి కడియం ముందున్న ఖాళీ నా పడవలో సగానికే సరిపోతుంది. మిగతా సగానికి మెట్ల దగ్గరి లోతులేని నీళ్ళున్నాయి, పిల్లలు తప్ప ఎవరూ దిగరక్కడ. ఒక పొట్ట వాడి చోట్లోకి, ఇంకో పొట్ట పిల్లల నీళ్ళలోకి పెట్టాను. గాలి నన్ను బార్తుల్ పడవ మీదికి తోస్తోంది. ఒక ఇంజను ముందుకి, ఒకటి వెనక్కి, మళ్ళీ మార్చి, చెమటలు కారుతుంటే అంగుళం అంగుళం దూర్చాను. ఫాని చాలు అని అరిచింది, దూకింది, పెదనాన్న కడియంలో నా తాడు దూర్చి ముడేసింది.

అప్పుడు లేచాడు బార్తుల్. అది మా నాన్న కడియం అన్నాడు. నువ్వు కూర్చున్నది ఎవరి నాన్నదిరా అన్నయ్యా అని పైనుంచే అడిగాను. షిమె బాబాయ్ ఇంటికి పడవే లేదు గదా, అది ఖాళీ కడియం అన్నాడు. ఇదీ ఖాళీగానే కనబడింది నాకు అన్నాను. వాడి ముఖం బీట్‌రూట్‌లా ఎర్రబడింది. నన్ను వదిలేసి బార్బా జానె వైపు తిరిగాడు. ఇది అద్దె బండి, టూరిస్టుల బొమ్మ, ఇది చెల్లదు, మీరు చెప్పండి బార్బా అన్నాడు.

బార్బా జానె కర్ర మీద గడ్డం ఆనించి నన్ను చూశాడు. చుక్కాని ఎవరు పట్టారని అడిగాడు. నేనే అన్నాను. మధ్యలో ఎవరన్నా అందుకున్నారా అన్నాడు. ఫానికి ఐసు మిషను తప్ప ఏదీ పట్టుకోవడం రాదన్నాను. ఆయన కాసేపు నోట్లో పళ్ళు లేని చోట నాలుక తిప్పుకున్నాడు.

“రక్తం ఉంది. చుక్కాని పట్టింది. తాడేసింది. పడవ ఎవరి సొంతమని మన పెద్దలు ఎన్నడూ అడగలేదు బార్తుల్. అడిగితే నీ కొత్త పడవ బ్యాంకువాడు వచ్చి కట్టాలి,” అన్నాడు.

ఈసారి నవ్వు వాడి మీద పడింది. సరిగ్గా అప్పుడే దూయె రేవు మూతిలోకొచ్చాడు. పడవ నిండా ఎండకి కమిలిన టూరిస్టులు, హారను మోగిస్తూ, నాన్నా నా చోటెక్కడా అని చేతులూపుతున్నాడు. చోటులో నేనున్నాను.

బార్తుల్ తన పడవ దిగి గట్టు మీదుగా నా పడవ దగ్గరికొచ్చాడు, నేనూ ముక్కు మీదికి దిగొచ్చాను. వాడు గొంతు తగ్గించాడు. లెక్కలు వేసుకున్నాడు గదా, లెక్కల మనిషి. సరే దింకా, నువ్వే గెలిచావు, చివరి కడియం నీకే ఉంచుకో, నేను ఇక్కడే ఉంటాను, గొడవెందుకు అన్నాడు. నిజానికి రేవు మొత్తంలో అదే మంచి చోటు. ఒక పక్క ఎవరి తాకిడీ ఉండదు, మెట్లు ఆనుకునే ఉన్నాయి, ఎండ ముందు అక్కడే పడుతుంది. గట్టు మీద రెండు మూడు తలలు అవునన్నట్టు ఊగాయి. ఫాని నా మడమ మీద గిల్లి, తీసుకోవే పిచ్చిదానా, మంచిదే ఇస్తున్నాడు గదా అంది.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంతసేపూ రాలేదు, అప్పుడొచ్చింది. ఇంత తిరిగింది మంచి చోటు కోసమనుకున్నారా వీళ్ళంతా?

“నాకు మంచి చోటు అక్కర్లేదు. నాది నాక్కావాలి,” అన్నాను. “నువ్వు మీ నాన్న కడియాన్ని ఇంత తేలిగ్గా ఇచ్చేస్తున్నావేంటి అన్నయ్యా? నీకది ఇనప ముక్కేమో. నాది అలా అడక్కు.”

ఆ మాట వాడికి ఎక్కడో తగిలింది. తిరిగి వాళ్ళ కడియం వైపు చూశాడు, నా తాడు అందులో ఉండటం అప్పుడే కొత్తగా చూసినట్టు చూశాడు. పెదనాన్న చేతులు కూడా ఆ కడియానికే అరిగాయి. పైన గుడి గంట మోగింది. పూజ అయిపోయింది. ఇక ఊరేగింపు మెట్లు దిగడమే ఆలస్యం.

ముందు నువ్వు తీయి అన్నాడు. ఆ ఆట నాతో కాదన్నాను. ఇద్దరం ఒకేసారి తీద్దామన్నాడు. తాడు ముందు ఎవరు అక్రమంగా వేశారో వాళ్ళే ముందు తీయాలి, ఆ వెంటనే నేనూ తీస్తానన్నాను. వాడు బార్బా జానె వైపు చూశాడు. ఆయన కళ్ళు మూసుకుని నిద్ర నటిస్తున్నాడు, ముసలి నక్క. బాజాలు వినబడ్డాయి. బార్తుల్ బూతొకటి నమిలి మింగి, ఎగిరి పడవెక్కి, తాడు విప్పి వెనక్కి తీశాడు.

మా నాన్న కడియం ఖాళీ అయింది. బార్తుల్ వాళ్ళ కడియంలోంచి ఫాని నా తాడు తీసేసింది, నేను మాటిచ్చినట్టే. గాలి ఇప్పుడు నా వైపుంది. ఇందాక నన్ను తోసిన గాలే, నేను పైకెక్కి రెండు ఇంజన్లు ఊపుతుంటే, నా పడవని ఒక చోటు పక్కకి జరిపింది. ఎడమ పొట్ట మా నాన్న కడియం ముందుకొచ్చింది. ఫాని తాడు దూర్చింది. ఈసారి ముడి నేనే వేస్తానని దిగి, వేసి, లాగి చూసుకుని, మళ్ళీ ఎక్కాను.

అయితే నా పడవ రెండు చోట్ల వెడల్పు గదా. కుడి పొట్ట పోయి పోయి బార్తుల్ చోటంతా ఆక్రమించింది. నేను కావాలని చేశానని ఊళ్ళో ఇప్పటికీ అంటారు. అననీ. నేను తయారు చేశానా దాన్ని?

“నా చోటు వదులు!” అని అరిచాడు బార్తుల్ నీళ్ళ మీదినుంచి.

నీ కడియంలో నా తాడు లేదు, చూసుకో, వచ్చి కట్టుకో అన్నాను. ఎలా రాను, నీ గోడ అడ్డముంటే అన్నాడు. నా వెనకకి ఆనుకుని, తాడు పట్టుకుని నా పడవ మీదుగా నడిచి రా, దారిస్తాను అన్నాను. ఇందాక వాడిచ్చిన దానికన్నా ఇది ఎక్కువే. ఊరేగింపు మలుపు తిరిగింది, విగ్రహం నెత్తి మీది పూలు కనబడుతున్నాయి. వాడు ముక్కు తెచ్చి నా వెనకకి ఆనించాడు. పొడుగు తాడు భుజానేసుకుని ఒక కాలు నా డెక్కు మీద పెట్టబోయాడు.

“బూట్లు,” అన్నాను.

“ఏంటి?”

“బూట్లు తీసి ఎక్కు. అద్దె పడవ. గీత పడితే నివెస్ ఊరుకోదు.” చార్టర్ పడవలన్నిటికీ ఉన్న రూలే అది, వాడికి తెలియంది కాదు, వాడి టూరిస్టులకి వాడూ చెప్పేదే.

ఊరంతా గట్టు మీదికొచ్చేసింది. విగ్రహం మోసేవాళ్ళు ఆగారు, బాజాలు ఆగాయి. ఆ జనం ముందు బార్తుల్ వంగి, నల్ల బూట్లు విప్పి, తన పడవలోకి విసిరేశాడు. ఒక మేజోడుకి బొటనవేలు దగ్గర చిల్లుంది. తాడు లాక్కుంటూ నా వంటగది పక్కనుంచి, ఫాని అంజూర పళ్ళ బుట్ట పక్కనుంచి, పరుపుల మీదుగా నడిచి ముక్కు దాకా వెళ్ళి, వంగి వాళ్ళ నాన్న కడియంలో తాడు దూర్చాడు. నేను చెయ్యి అందిస్తే పట్టుకోలేదు. మళ్ళీ తిరిగి వెళ్ళేటప్పుడు డెక్కు తడిగా ఉండి కాలు జారింది. అప్పుడు పట్టుకున్నాడు. చెయ్యి వదిలించుకునే ముందు ఒక్కసారి గట్టిగా నొక్కాడు. కోపమో ఇంకేమిటో నేను అడగలేదు.

డోన్ లోవ్రే, మా ఫాదర్‌గారు, వరసగా చల్లుకుంటూ వచ్చారు. ఒక్కో పడవ దగ్గరా ఆగి ఇది ఎవరిదని అడుగుతారు, ఆ ఇంటి మగాడు పేరు చెప్తాడు. అందరి పేర్లూ ఆయనకి తెలుసు, అయినా అడగాలి. నా ముందుకొచ్చి తలెత్తి, ఆ రెండంతస్తుల్నీ పై నుంచి కింది దాకా చూసి, దీవెన నీళ్ళ బొచ్చెలోని కుంచె పట్టుకుని, ఇది ఎవరిది అని అడిగారు.

నేను నోరు తెరిచేలోగా మా లూత్సె అత్త జనంలోంచి జాలిగా ముందుకొచ్చింది. పోయిన మా షిమెది ఫాదర్, పాపం వాడి కూతురు వాడి పేరు మీద కట్టింది అంది. నాలుగైదు గొంతులు అవునవును, షిమెది, షిమెది అన్నాయి. ఫాదర్‌గారు కుంచె ఎత్తారు.

“ఆగండి ఫాదర్,” అన్నాను. “మా నాన్న పోయాడు. ఇది షిమెది కాదు.”

జనం గుసగుసలాడారు. ఆయన కుంచె గాల్లోనే ఆగింది.

“మరెవరిది?”

“దింకాది.”

లూత్సె అత్త ఏదో అనబోయింది. బార్బా జానె కర్రతో గట్టు మీద ఒక్క పోటు పొడిచాడు, ఆమె ఊరుకుంది. డోన్ లోవ్రే నా ముఖం చూసి, కుంచె మళ్ళీ నీళ్ళలో నిండా ముంచి, దింకాది అని గట్టిగా చెప్పి విదిలించారు. సగం నీళ్ళు ఆ తెల్ల పడవ మీద పడ్డాయి, సగం నా మీద. నేను తుడుచుకోలేదు.